పాఠకుల ప్రశ్నలు: బీఫ్ తినం, బ్రెజిలియన్ స్టేక్‌హౌస్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా గుంటడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మేమిద్దరం వచ్చే నెల అక్కడికి వెళ్తున్నాం. మా పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి కదా అని ఆ రోజుకి బ్రెజిలియన్ స్టేక్‌హౌస్‌లో, అంటే కాల్చిన మాంసం పెట్టే హోటల్లో, టేబుల్ బుక్ చేశాడట. యూట్యూబ్‌లో చూస్తే కత్తులూ ఊచలూ పట్టుకుని మనుషులు టేబుళ్ల చుట్టూ తిరుగుతున్నారు! మా ఆయన కోడి, మేక, చేప తింటారు గానీ గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు. నేను గుడ్డు వరకే. పిల్లాడి మనసు కష్టపెట్టలేను, అలాగని అక్కడ ఖాళీ ప్లేటు ముందేసుకుని కూర్చోలేను. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వెళ్లండమ్మా, హాయిగా వెళ్లండి. టెన్షన్ పడాల్సింది మీరు కాదు, బిల్లు కట్టే మీ అబ్బాయి.

మన పంక్తి భోజనంలో వడ్డించేవాళ్లు వరసగా వస్తారు చూడండి, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ గిన్నె బదులు ఊచ ఉంటుంది. బ్రెజిల్ దక్షిణాన రియో గ్రాండే దో సుల్ అనే రాష్ట్రంలో పశువులు కాసే గౌచోలు నిప్పుల మీద మాంసం కాల్చుకు తినేవారు, దాన్నే షురాస్కో అంటారు. ఆ ఊచల్ని టేబుల్ టేబుల్‌కీ తిప్పి వడ్డించడం రోడీజియో. ఫోగో డి షావ్ అనే హోటల్ 1979లో అక్కడి పోర్టో అలెగ్రెలో మొదలై, అమెరికాలో మొదటి బ్రాంచి 1997లో తెరిచింది మీ అబ్బాయి ఉండే డాలస్ పక్కనే, అడిసన్‌లో.

మీ ముందు ఒక చిన్న బిళ్ల పెడతారు. పచ్చవైపు పైకి ఉంటే తెమ్మని, ఎర్రవైపు ఉంటే చాలని. మీరు కూర్చోగానే మీ బిళ్ల ఎర్రవైపు తిప్పేసి వదిలేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. మనవాళ్లలాగా 'ఇంకొక్కటి, నా మాట విని' అని బలవంతం చేసేవాళ్లు అక్కడ ఉండరు. మీ ఆయన మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఊచ దగ్గరికి రాగానే, ముక్క అందుకోవడానికి ఇచ్చే పట్టకారు చాపకుండా 'ఇది ఏ మాంసం?' అని అడగాలి. మొహమాటపడితే దెబ్బైపోతారు, ఎందుకంటే మంట మీద కాలాక అన్నీ ఒకే రంగులో ఉంటాయి. ఫ్రాంగో అంటే కోడి, కోర్డేరో అంటే గొర్రెపిల్ల, ఈ రెండూ ఫర్వాలేదు. లింగీసా పంది సాసేజ్. చికెన్ అన్నారు కదా అని తీసుకుంటే దాని చుట్టూ బేకన్ చుట్టి ఉండొచ్చు, అదీ పందే. పికాన్యా, ఫ్రాల్దీన్యా, ఆల్కాత్రా అన్నీ బీఫ్. వాళ్లకి అన్నిటికంటే గొప్ప పికాన్యాయే, కొవ్వు పొర పైకి వచ్చేలా వంచి ఊచకి గుచ్చుతారు. (బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు జాతి సంతతే, అక్కడ నెలోర్ అంటారు. ఈ సంగతి మీ ఆయనకి భోజనం అయ్యాకే చెప్పండి.)

గొర్రె మాంసం లోపల గులాబీ రంగులో ఉంటే మనవాళ్లకి పచ్చిగా అనిపిస్తుంది, బాగా కాలిన ముక్క కావాలని చెబితే ఊచ చివరి నుంచి కోస్తారు. అన్ని ఊచలూ ఒకే నిప్పుల మీద కాలతాయి, ఆ పట్టింపు కూడా ఉంటే ఆయనకి విడిగా చేప ఆర్డర్ చేయించండి.

ఇక మీ సంగతి. సలాడ్ బార్ అంటే నాలుగు కీరా ముక్కలనుకోకండి, అదే ఒక పూట భోజనం. కాల్చిన కూరగాయలు, చీజ్‌లు, పళ్లు, అన్నం అన్నీ ఉంటాయి. చాలాచోట్ల అది మాత్రమే తక్కువ ధరకి ఇస్తారు, మీ అబ్బాయిని ముందే ఫోన్ చేసి అడగమనండి. పావ్ ది కేజో అని చిన్న చిన్న చీజ్ బన్నులు వేడివేడిగా టేబుల్ మీదకే వస్తాయి. కర్రపెండలం పిండితో చేస్తారు, మన సగ్గుబియ్యం వచ్చేదీ దాన్నుంచే. గుడ్డు పడుతుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. వేయించిన అరటిపండు కూడా పెడతారు. కానీ అక్కడే నల్లచిక్కుడు గింజల కూరలా కనిపించేది ఫెయిజోవాడ, అందులో పందిమాంసం ఉంటుంది. సీజర్ సలాడ్‌లో చేప కలిసే అవకాశం ఎక్కువ, సూప్ కూడా అడక్కుండా పోసుకోవద్దు.

కూల్‌డ్రింకులు, స్వీటు బిల్లులో విడిగా పడతాయి, టిప్పు 18, 20 శాతం దాకా ఇవ్వాలి. ఆ పూటకి డాలర్లని రూపాయల్లోకి మార్చి చూడకండి.

ప్రశ్న: బ్రెజిల్‌వాళ్లు మాంసాన్ని మసాలా లేకుండా ఉప్పుతోనే కాలుస్తారట, చప్పగా ఉండదా? మా చెల్లి పుట్టినరోజుకి మేడ మీద చికెన్‌ని అలా కాలుద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఒట్టి గళ్లుప్పు బీఫ్‌కే సరిపోతుంది, దాని కొవ్వే దాని రుచి. చికెన్‌కి వాళ్లూ వెల్లుల్లి, నిమ్మరసం పట్టిస్తారు. లెగ్ ముక్కలు స్కిన్‌తో కొట్టించండి, స్కిన్‌లెస్ అయితే ఎండిపోయి పీచులా అవుతుంది. దంచిన వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు, కాస్త మిరియాలపొడి పట్టించి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. బొగ్గులు మంట ఆరి పైన బూడిద పట్టాకే ఊచలు పెట్టాలి. కుర్రాళ్లు తొందరపడేది ఇక్కడే, మంట మీద పెడితే పైన మాడుతుంది, లోపల నెత్తురు. కోడి విషయంలో వాళ్లలా పైపొర కోసుకుంటూ మళ్లీ కాల్చే సరదా వద్దు, ఎముక దాకా ఉడకాల్సిందే.

మీకు సీతంపేట కొండల అనాస దొరుకుతుంది కదా, చక్రాలుగా కోసి పంచదార, దాల్చినచెక్క పొడి అద్ది అదే నిప్పుల మీద కాల్చండి. స్టేక్‌హౌసుల్లో ఇదీ ఊచకే వస్తుంది. కాకపోతే చికెన్ అంతా దించాకే పెట్టండి, పంచదార కారి అంటుకుందంటే ఊచలు తోమలేక చస్తారు.