చలికాలం వస్తే మంచం దిగబుద్ధి కాట్లేదు, ఇది బద్ధకమేనా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 44. నాలుగైదేళ్లుగా చలికాలం వచ్చిందంటే చాలు ఎంత పడుకున్నా నిద్ర తీరట్లేదు, తీపి తినాలనిపిస్తుంది, బరువు పెరుగుతున్నా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఎండలు మొదలవగానే మామూలైపోతా. ఇంట్లో బద్ధకం అంటున్నారు. బీపీకి మాత్ర వాడుతున్నా. విటమిన్ డి వేసుకుంటే తగ్గుతుందా?

డాక్టర్ సలహా: ఇది బద్ధకం కాదండీ, కావాలంటే ఈ జవాబు ఇంట్లోవాళ్లకి కూడా చదివి వినిపించండి. బద్ధకమైతే ఏడాది పొడవునా ఉండాలి కదా, ప్రతిసారీ అదే టైమ్‌కి వచ్చి ఎండలు రాగానే దానంతటదే ఎందుకు పోతుంది? సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని ఒకటుంది, అంటే ఏటా ఒకే కాలంలో వచ్చిపోయే డిప్రెషన్, 1984లో నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్టు, ఆయన టీమ్ దీని గురించి వివరంగా రాశారు. డిప్రెషన్ అంటే నిద్ర పట్టదు, ఆకలి వేయదు అనే అందరూ అనుకుంటారు కానీ ఈ చలికాలం రకంలో ఎక్కువమందికి రివర్స్‌లో ఉంటుంది, నిద్ర ఎక్కువ, ఆకలి ఎక్కువ, అందులోనూ తీపి, పిండి పదార్థాల మీదకే మనసు పోతుంది. మీరు రాసింది దానికి బాగా దగ్గరగా ఉంది.

దీనికి చలికంటే వెలుగు తగ్గడమే పెద్ద కారణంగా కనిపిస్తుంది. కంటి రెటీనాలో కొన్ని కణాలు ఉంటాయి, వాటి ముఖ్యమైన పని ఇది పగలా రాత్రా అని మెదడుకి చెప్పడం. పొద్దున్నే మంచి వెలుగు కంట్లో పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గిపోయి ఒళ్లు మేలుకుంటుంది, చలికాలంలో తెల్లారేదే లేటు, పైగా చలి అని కర్టెన్లు వేసుకుని లోపలే ఉండిపోతాం, దాంతో ఒంట్లో నిద్ర, మెలకువల టైమ్ చూసే గడియారం వెనకబడుతుంది. ఇంట్లో లైట్లు ఉన్నాయిగా అని అడుగుతారు చాలామంది. వెలుగుని లక్స్ అనే కొలతలో చెబుతారు, గదిలో వెలుగు మామూలుగా 100 నుంచి 500 లక్స్ ఉంటుంది, బయట మబ్బు పట్టిన రోజు కూడా 1000 పైనే, ఎండ ఉంటే పదివేలు ఎప్పుడో దాటిపోతుంది. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి అంత తేడా ఉన్నట్టు మనకి తెలీదు, అంతే.

అందుకే మీరు అన్నిటికంటే ముందు చేయాల్సింది, తెల్లారాక లేచిన గంటలోపు బయటికెళ్లి ఒక అరగంట నడవడం. సూర్యుడి వైపు చూడక్కర్లేదు, చూడకూడదు కూడా, ఆ వెలుగులో ఉంటే చాలు. మబ్బుగా ఉందని మానేయొద్దు. బయటికెళ్లే వీలే లేకపోతే 10,000 లక్స్ లైట్ బాక్స్‌లు ఉంటాయి, పొద్దున పూట 20, 30 నిమిషాలు ముందు కూర్చోవాలి, సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. కంటి జబ్బులు, బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు డిప్రెషన్ వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వాడొద్దు. ఇంకోటి, సెలవు రోజైనా సరే లేచే టైమ్ మార్చకండి, ఆదివారం పదింటిదాకా పడుకుంటే సోమవారం ఇంకా కష్టమవుతుంది.

విటమిన్ డి విషయానికొస్తే, రక్తపరీక్షలో తక్కువుంటే తప్పకుండా వేసుకోండి, ఎముకలకీ కండరాలకీ అది కావాలి. అదొక్కటే మీ మూడ్ మార్చేస్తుందని మాత్రం ఆశపడొద్దు. పరీక్ష లేకుండా పెద్ద డోసులు నెలల తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు. కిటికీ అద్దం వెనక ఎండలో కూర్చుంటే కూడా విటమిన్ డి తయారవదు, దానికి కావాల్సిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది.

మనుషుల్ని కలవబుద్ధి కావట్లేదన్నారు. మూడ్ వచ్చాక కలుద్దాంలే అనుకుంటే ఆ రోజు రాదండీ, మీకు బాగా దగ్గరైన ఒక్కరితో మాట్లాడుకుని ఆ పొద్దుటి నడకకి తోడు రమ్మనండి. రోజూ ఎవరో గుమ్మం దగ్గర ఎదురుచూస్తుంటే లేవడం తేలిక, ఈ సలహా చిన్నదిగా కనిపిస్తుంది కానీ నాకు దీని మీద చాలా నమ్మకం.

బీపీ ఉంది కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి, అందుకే చలికాలంలో బీపీ పెరుగుతుంది, గుండెపోట్లు కూడా ఎక్కువే. దుప్పట్లోంచి లేచి నేరుగా చలిలోకి పరిగెత్తొద్దు, ఇంట్లోనే కాసేపు అటూఇటూ తిరిగి, తలా చెవులూ కప్పుకుని వెళ్లండి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా ఆగిపోయి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. వారానికి ఒకట్రెండుసార్లు బీపీ చూసుకోండి. ముక్కు దిబ్బడకి మందుల షాపులో సొంతంగా కొనుక్కునే కొన్ని జలుబు మాత్రలు బీపీని పెంచేస్తాయి, మీకు బీపీ ఉందని చెప్పకుండా ఏదీ తీసుకోకండి.

ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 కూడా చేయించండి, వీటిలో తేడా ఉన్నా ఇలాంటి నీరసమే ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, పని చేసుకోలేకపోతుంటే సైకియాట్రిస్టుని కలవండి, కౌన్సెలింగ్‌తో, మందులతో ఇది బాగా తగ్గుతుంది. బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఇంట్లో చెప్పి అదే రోజు వెళ్లండి. వెళ్లినప్పుడు ప్రతి ఏడాదీ ఏ నెలలో మొదలవుతోందో కూడా చెప్పండి, కొంతమందికి ఆ నెల రాకముందే ట్రీట్‌మెంట్ మొదలుపెడతారు.