రంగు చెప్పింది ఎంత, మనం రాసింది ఎంత

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం పోయిన వారమే అందింది. రెండుసార్లు చదివాక జవాబు రాద్దామని ఆగాను. భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. ఎమ్మెస్సీ చదువుతూ తెలుగులో విజ్ఞానం రాయాలని కూర్చునేవాళ్ళు అరుదు కనుక, ఆ సంతోషం ముందు చెప్పుకుని అసలు సంగతికి వస్తాను. "క్యాన్సర్ కణాలను మట్టుబెట్టిన పసుపు" అని పేరు పెట్టావు. మీ సీనియర్లు పసుపు సారంతో చేసిన ప్రయోగాన్ని పక్కన నిలబడి చూసి రాశానన్నావు. ఇంతకీ వాళ్ళు కళ్ళారా చూసింది ఏమిటని ఫోన్లో అడిగితే, "రంగు తగ్గింది సార్" అన్నావు. రంగు తగ్గడానికీ మట్టుబెట్టడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఈ ఉత్తరం ఆ దూరం గురించే.

ఆ పరీక్షను ల్యాబుల్లో అందరూ ఎం.టి.టి. అనే పిలుస్తారు. 1983లో మోస్‌మన్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతి అది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలకలో ఎనిమిది అడ్డ వరుసలు, పన్నెండు నిలువు వరుసలు, వెరసి 96 గుంటలు ఉంటాయి. గుంతపొంగణాల పెనాన్ని బొమ్మరిల్లు ఆటకు తయారుచేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక్కో గుంటలో పట్టేది కొన్ని చుక్కలే. ప్రతి గుంటలోనూ ఐదు వేలో పది వేలో కణాలు వేసి, అవి అడుగుకు అతుక్కునేదాకా ఒక రాత్రి ఇన్‌క్యుబేటర్‌లో ఉంచుతారు. మర్నాడు పరీక్షించదలచిన పదార్థాన్ని రకరకాల మోతాదుల్లో కలుపుతారు. రెండు మూడు రోజులు గడిచాక ఎం.టి.టి. ద్రావణం పోస్తారు. అది పసుపు పచ్చగా ఉంటుంది. జీవక్రియ సాగుతున్న కణాలు తమ ఎంజైములతో దాన్ని ఊదా రంగు పలుకులుగా మారుస్తాయి. మూడు నాలుగు గంటలయ్యాక మైక్రోస్కోపు కింద చూస్తే కణాల మీద సన్నని సూదులు గుత్తులు గుత్తులుగా మొలిచినట్టు కనిపిస్తాయి. పై ద్రవాన్ని ఆ పలుకులు కదలకుండా తీసేసి డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రావకం పోస్తే, అవి కరిగి గుంట నిండా నేరేడు పండు రంగు పరుచుకుంటుంది. అప్పుడు ప్లేట్ రీడర్ ఒక్కో గుంట గుండా 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని పంపి, అందులో ఎంత ఆగిపోయిందో అంకెగా చెబుతుంది. ఆ యంత్రం చేసే పని అంతవరకే. దానికి కణమూ తెలియదు, చావూ తెలియదు.

ఆ అంకె తగ్గిందంటే కణాలు చచ్చి ఉండవచ్చు. చావకుండా విభజన మాత్రమే ఆపేసి ఉండవచ్చు; మందు కలపని గుంటలో కణాలు నాలుగింతలై, ఇక్కడివి వేసినన్నే మిగిలినా రంగులో అంత తేడా కనిపిస్తుంది. సంఖ్య సరిగానే ఉండి జీవక్రియ మందగించి ఉండవచ్చు కూడా. పలక అంచుల్లోని గుంటల్లో నీరు త్వరగా ఆవిరైపోవడం వల్ల లెక్క తప్పవచ్చు. అందుకే చాలామంది అంచు వరుసల్లో కణాలు వేయకుండా ఊరికే బఫర్ నింపి వదిలేస్తారు. పసుపు విషయంలో ఇంకో చిక్కుంది. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం తానే గాఢమైన పసుపు రంగుది, కొన్ని కాంతుల కింద తానే వెలుగు చిమ్ముతుంది, కనుక రంగునో వెలుగునో కొలిచే పరీక్షల్లో అది స్వయంగా లెక్కలోకి దూరిపోగలదు. పైగా ఇలాంటి మొక్కల పదార్థాలు కొన్ని కణాల ప్రమేయం లేకుండానే ఎం.టి.టి.ని ఊదాగా మార్చేస్తాయి, అప్పుడు చచ్చిన కణాలు కూడా బతికున్న లెక్కలో పడతాయి. చావునే చూపాలంటే వేరే పరీక్షలు ఉన్నాయి. ట్రిపాన్ బ్లూ కలిపితే పొర చెడిన కణం నీలంగా మారుతుంది, బతికున్నది ఆ రంగును లోపలికి రానివ్వదు. ఫ్లో సైటోమీటర్‌లో కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి సాగుతుంటే, చావడానికి సిద్ధపడుతున్న కణం ఏదో, పొర చిరిగి పూర్తిగా చచ్చింది ఏదో రెండు వేర్వేరు రంగుల వెలుగుతో విడదీసి లెక్కపెట్టవచ్చు. మీ సీనియర్లు ఇవి చేశారా? చేయకపోతే, "కణాల జీవక్రియ తగ్గినట్టు కనిపించింది" అన్న దాకానే నీకు హక్కు ఉంది. ఆ వాక్యం చప్పగా ఉందని నాకూ తెలుసు.

మోతాదు సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. గిన్నెలో ఉన్న కణాల మీద ఏది ఎక్కువగా పోసినా చస్తాయి. గళ్ళుప్పు కరిగించి పోసినా చస్తాయి. ఎంత మోతాదుకు రంగు సగానికి పడింది, అదే మోతాదులో మామూలు కణాలు ఏమయ్యాయి, అంత మోతాదు మనిషి రక్తంలోకి చేరగలదా అన్న మూడు ప్రశ్నలూ పాఠకుడి తరఫున నువ్వే అడగాలి. కర్కుమిన్‌ను గ్రాముల కొద్దీ మింగినా రక్తంలో కనిపించేది అతి స్వల్పమని చాలాకాలంగా తెలిసిన విషయమే.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, నీ తప్పే నేనూ చేశాను. ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక ప్రయోగశాలకు వెళ్ళి, ఇలాంటి పలకే చూసి, ఒక మొక్క సారం రక్త క్యాన్సర్ కణాలను "చంపింది" అని పత్రికకు రాశాను. పదిహేను రోజుల తర్వాత ఒక పెద్దాయన నా చిరునామా కనుక్కుని ఇంటికి వచ్చారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పత్రిక ముక్క తీశారు. "చంపింది" అన్న మాట కింద పెన్నుతో రెండు గీతలు ఉన్నాయి. కూతురికి ఆ జబ్బేనట, మందు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మందు లేదనీ, అది ప్లాస్టిక్ పలకలో జరిగిన సంగతనీ చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆయన మాత్రం మర్యాదగా కాఫీ తాగి, మడతలు చెడకుండా ఆ ముక్కను మళ్ళీ జేబులోనే పెట్టుకుని వెళ్ళారు.

ఇక కణాల దగ్గరికి వద్దాం. "రొమ్ము క్యాన్సర్ కణాలపై" అని ఒక్క మాటలో దాటేశావు. ఏ కణాలు? ల్యాబులో తరతరాలుగా పెంచుకొచ్చే కణాల వంశాన్ని కణవరుస అంటారు; ప్రతి కణవరుసకూ ఒక పేరు, ఒక పుట్టుక ఉంటాయి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి, ఆమెకు చెప్పకుండా, అడగకుండా తీసిన ముక్క జార్జ్ గై ల్యాబులో పెరగడం మొదలుపెట్టింది. ఆ ఏడాది అక్టోబరులో 31 ఏళ్ళకే ఆమె కన్నుమూసింది. ఆమె పేరులోని తొలి అక్షరాలతో హీలా అని పిలిచే ఆ కణాలు ఇప్పటికీ రోజుకోసారి రెట్టింపవుతూ ప్రపంచమంతటా ల్యాబుల్లో ఉన్నాయి. అవి ఎంత మొండివంటే, ఒకే పిపెట్‌ను రెండు ఫ్లాస్కుల్లో ముంచితే చాలు, పక్క కణాలను తోసేసి ఆ ఫ్లాస్కును తామే ఆక్రమిస్తాయి. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ ఒక ఎంజైము రకాన్ని పరీక్షించి, వేర్వేరు అవయవాలవని అందరూ అనుకుంటున్న 18 కణవరుసలు నిజానికి హీలాయేనని చూపించినప్పుడు, ఏళ్ళ తరబడి చేసిన పని ఏ క్యాన్సర్ మీద చేసిందో తెలియని పరిస్థితి వచ్చింది. ఎం.డి.ఎ.-ఎం.బి.-435 అనే కణాలతో చాలాకాలం రొమ్ము క్యాన్సర్ పరిశోధనలు సాగాయి. చివరికి అవి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలని తేలింది. ఇప్పుడు డి.ఎన్.ఎ.లోని చిన్న పునరావృతాలను పోల్చి కణాల గుర్తింపు ధ్రువీకరించే పద్ధతి ఉంది. మన దేశంలో పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం ల్యాబులకు కణాలు సరఫరా చేస్తుంది. మీ ల్యాబు కణాలు ఎక్కడి నుంచి వచ్చాయో అడుగు. పక్క ల్యాబు స్నేహితుడు ఇచ్చాడని చెబితే, కలం కాసేపు పక్కన పెట్టు.

మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా గురించి కూడా అడుగు. మామూలు బ్యాక్టీరియా పడితే కణాలను పెంచే ద్రవం, అంటే మీడియం, మబ్బుగా మారుతుంది, అందులోని ఫినాల్ రెడ్ అనే రంగు ఎరుపు నుంచి పసుపుకు దిగుతుంది, ఎవరైనా చూసి పారబోస్తారు. మైకోప్లాస్మా అలా బయటపడదు. దానికి కణకవచం లేదు కనుక పెన్సిలిన్‌కు లొంగదు. వడపోత పొరల సన్నని రంధ్రాల్లోంచి కూడా దూరిపోతుంది. మీడియం నిర్మలంగా ఉండగానే లోపల కణాల నడత మార్చేస్తుంది. పి.సి.ఆర్. చేస్తేనో, డి.ఎన్.ఎ.కు అంటుకునే రంగు వేసి చూస్తేనో తప్ప తెలియదు. కణాలు పెంచే కల్చర్ గదిలో పనిచేసేవాళ్ళ భయాలన్నిటిలోకీ ఇది పెద్దది. నీ వ్యాసంలో ఆ గది ఒక గుడిలా, శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. ఆ భయం కాస్త కనిపిస్తే గది మరింత నిజంగా ఉంటుంది.

రంగును నమ్మవద్దని నేను అనడం లేదు. రంగు మీదే వైద్యం నడిచే చోటు కూడా ఉంది, అక్కడికి ఒకసారి వెళ్ళు. ఏదైనా పెద్దాసుపత్రి పాథాలజీ విభాగంలో అనుమతి తీసుకుని ఒక పూట కూర్చో. ఫార్మలిన్‌లో నానిన కణితి ముక్కను మైనంలో పోతపోసి బ్లాక్ చేస్తారు. ఆ బ్లాకును పొరలుగా కోసే మైక్రోటోమ్ చక్రం తిప్పుతుంటే మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా జారుతాయి. టెక్నీషియన్ ఊపిరి బిగబట్టి, ఆ రిబ్బనును కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీటి మీద తేలేస్తారు. ముడతలు విప్పుకోగానే గాజు పలకను కిందినుంచి పెట్టి పైకి తీస్తారు. తర్వాత హెర్2 అనే ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ వేసి, అది అంటుకున్న చోట గోధుమ రంగు వచ్చేలా చేస్తారు. ఆ రంగు కణం చుట్టూ ఎంత గాఢంగా, ఎంత నిండుగా ఉందో చూసి సున్నా నుంచి మూడు దాకా మార్కు వేస్తారు. మూడు వస్తే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇవ్వవచ్చు. 1998 నుంచి అది వాడుకలో ఉంది. రెండు వస్తే తేల్చరు, జన్యువు ప్రతులనే లెక్కపెట్టే ఫిష్ పరీక్షకు పంపుతారు. రంగు సందేహంగా ఉన్నప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నారు గనుకనే ఆ రంగుకు అంత అధికారం వచ్చింది.

సుబ్బారావుగారి గురించి కూడా ఒక పేరా రాశావు. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గురించి మనవాళ్ళు రాసేదంతా నోబెల్ రాలేదన్న బాధ దగ్గరే ఆగిపోతుంది, నువ్వూ అక్కడే ఆగావు. ఆయన, తోటి శాస్త్రవేత్త ఫిస్కే కలిసి 1925లో ప్రచురించింది ఒక కొలత పద్ధతి. ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలిపి నీలం రంగు తెప్పించి, ఆ నీలం గాఢతను బట్టి ఫాస్ఫరస్ ఎంతుందో లెక్కగట్టడం. మీ ప్లేట్ రీడర్ చేస్తున్నదీ ఆ జాతి పనే. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం వాళ్ళకు దొరికింది. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అంతకు ముందు ఆ జబ్బుకు పనిచేసే మందన్నదే లేదు. అంత పెద్ద వార్తను 1948లో ప్రచురిస్తూ ఫార్బర్ తన వ్యాసం పేరులో మొట్టమొదట పెట్టిన మాట "తాత్కాలిక". ఉపశమనం నిలవలేదు గనుక ఆ మాట పెట్టాడు. నీ శీర్షికను దాని పక్కన పెట్టి చూసుకో.

మాటల గురించి కొంచెం. వెస్టర్న్ బ్లాట్‌ను "పాశ్చాత్య మరక" అని రాశావు. చదివి నవ్వాను, కోపం రాలేదు. 1975లో డి.ఎన్.ఎ.కు ఈ పద్ధతి కనిపెట్టినాయన ఇంటిపేరు సదరన్. ఆ దిక్కు పేరు మీద హాస్యానికి ఆర్.ఎన్.ఎ. పద్ధతికి నార్తర్న్ అనీ, ప్రొటీన్ పద్ధతికి వెస్టర్న్ అనీ పెట్టుకున్నారు. బ్లాట్ అంటే ఇక్కడ మరక కాదు, అద్దడం. మన చిన్నప్పుడు సిరా మీద అద్దుడు కాగితం ఒత్తితే అక్షరాలు దాని మీదికి దిగేవి, అదే పని. జెల్‌లో విద్యుత్తుతో సైజుల వారీగా విడిపోయిన ప్రొటీన్లను పొర మీదికి దించి, కావలసిన దాన్ని యాంటీబాడీతో వెతుకుతారు. పేరును అలాగే ఉంచి పనిని తెలుగులో చెబితే చాలు. ఫ్లాస్కు, పిపెట్, మీడియం, స్లైడు అని మీ ల్యాబులో రోజంతా అనే మాటలను మార్చకు. వాటికి నిఘంటువులో వెతికి తెచ్చిన సంస్కృతం తొడిగితే, ఆ పని చేసేవాళ్ళే నీ వ్యాసం చదివి తమ ల్యాబును గుర్తుపట్టలేరు.

ఒక్కో కణాన్నీ విడిగా చదివే సీక్వెన్సింగ్, ఆర్గనాయిడ్లు, క్రిస్పర్ అంటూ చివర గబగబా చుట్టేసిన పేరా తీసెయ్యి. చూడని వాటి గురించి ఇప్పుడే తొందర లేదు.

ఇప్పుడు చేయవలసిన పని ఒక్కటే. మీ సీనియర్లు మళ్ళీ ఆ పరీక్ష పెట్టే రోజు కనుక్కో. కణాలు అసలు వేయని కొన్ని గుంటల్లో ఉత్త మీడియం, పసుపు సారం, ఎం.టి.టి. మాత్రమే పోసి ఉంచమని వాళ్ళను అడుగు. మంచి ల్యాబైతే అవి ముందే ఉంటాయి. నాలుగు గంటలయ్యాక ఆ గుంటల్లో ఏ రంగు వచ్చిందో నీ కళ్ళతో చూసి, మిగతా వ్యాసం జోలికి పోకుండా, ఆ ఒక్క సంగతీ పది వాక్యాల్లో రాసి నాకు పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే
పాత రాతగాడు