ఆటో ఆపమనడానికీ గొంతు పెగలదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 22 ఏళ్ళు. ఎంబీఏ చదువుతున్నాను. షేర్ ఆటోలో ‘ఇక్కడ ఆపండి’ అనడానికి నోరు రాదు. మద్దిలపాలెంలో దిగాల్సినవాణ్ణి, ఇంకెవరో ఆపించిన చోట దిగి వెనక్కి నడుస్తాను. సెమినార్ ఉందంటే వారం ముందు నుంచే నిద్ర పట్టదు. చేతులు వణుకుతాయని క్యాంటీన్‌లో టీ మానేశాను. ఇంటర్ నుంచీ ఇదే వరస. ‘సిగ్గురా, అదే పోతుంది’ అంటుంది అమ్మ. వైవా ముందు ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోమని ఒక ఫ్రెండ్ చెబుతున్నాడు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సిగ్గరి కాసేపు తటపటాయించినా దిగాల్సిన చోటే దిగుతాడు. మీరు దిగలేకపోతున్నారు. నలుగురూ గమనిస్తారేమో, తక్కువగా చూస్తారేమో అన్న భయం ఆరు నెలలు దాటినా తగ్గక, చదువుకో స్నేహాలకో అడ్డుపడుతుంటే అది సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ కావచ్చు. ఎక్కువమందిలో 8-15 ఏళ్ళ మధ్యే మొదలవుతుంది. దానంతటదే పోతుందని కూర్చుంటే ఏళ్ళు గడుస్తాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా చేతులు వణుకుతాయి కాబట్టి ఒకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి.

ఇన్నేళ్ళయినా భయం ఎందుకు అరగలేదో ఆ టీ గ్లాసు దగ్గరే తెలుస్తుంది. వణుకు కనబడకూడదని గ్లాసును బిగించి పట్టుకుంటారు. బిగించిన కొద్దీ చెయ్యి ఇంకా వణుకుతుంది. చెమట కనబడకూడదని కొందరు జాకెట్ తొడుగుతారు. విశాఖ ఉక్కపోతలో జాకెట్ వేస్తే చెమట పట్టక ఏం చేస్తుంది? చెప్పబోయే మాటను లోపల వల్లె వేసుకుంటూ కూర్చుంటే ఎదుటివాళ్ళు అడిగింది చెవికెక్కదు, జవాబు తప్పుతుంది. ఇవన్నీ రక్షణ అలవాట్లు. వీటితో గట్టెక్కిన ప్రతిసారీ మనసు ‘గట్టిగా పట్టుకోబట్టి సరిపోయింది’ అని లెక్క రాసుకుంటుంది. అసలు ప్రమాదమే లేదన్న సంగతి దానికి తెలిసే అవకాశమే రాదు.

అందుకని మెట్లు మెట్లుగా వెళ్ళాలి. ఒక కాగితం మీద భయపెట్టే పనులు రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు మార్కులు వేయండి. ఉదాహరణకు రైతు బజారులో ధర అడిగి కొనకుండా వచ్చేయడానికి 30, ఆటో ఆపమనడానికి 45, క్యాంటీన్ టీకి 60, క్లాసులో ప్రశ్న అడగడానికి 75, సెమినార్‌కు 95. 30 దగ్గర మొదలుపెట్టి, అదే పని వారంలో నాలుగైదుసార్లు చేయండి. మార్కు సగానికి పడితే పై మెట్టు ఎక్కండి.

ఆటో ఎక్కేముందు ‘అందరూ తిరిగి చూస్తారు, నవ్వుతారు’ అని మీ జోస్యం ఫోన్‌లో రాసుకోండి. స్టాపుకు కాస్త ముందే ఆపమనండి. ఆ క్షణంలో మీ గుండె దడను కాదు, చుట్టూ చూడండి: ఎంతమంది ఫోన్లలో తల దించుకున్నారు, డ్రైవర్ చొక్కా రంగేమిటి? దిగాక జోస్యం ఎంత నిజమైందో దాని కిందే రాయండి. టీ మెట్టుకు వచ్చాక గ్లాసును వదులుగా పట్టుకోండి, రెండు చుక్కలు కావాలనే ఒలకబోయండి. ఎవరు పట్టించుకున్నారో చూడండి.

ఎక్కువగా దెబ్బతినేది రెండుచోట్ల. భయం పైకెక్కుతుండగానే మధ్యలో లేచి వచ్చేయడం ఒకటి. ఇయర్‌ఫోన్లు పెట్టుకునో, ఫ్రెండును వెంటేసుకునో చేసి, ‘చేశాను కానీ లాభం లేదు’ అనుకోవడం రెండోది. రాత్రి పడుకుని ప్రతి మాటనూ పోస్టుమార్టం చేసే అలవాటుంటే దాన్నీ కట్టిపెట్టండి.

ఇక మాత్ర సంగతి. ప్రొప్రనలాల్ దడను, వణుకును కొన్ని గంటలు తగ్గిస్తుంది, భయాన్ని నయం చేయదు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం. బీపీ, నాడి తక్కువగా ఉన్నవాళ్ళూ జాగ్రత్త పడాలి. ఫ్రెండు చీటీ మీద వేసుకునే మందు కాదు. రోజువారీ ఇబ్బందికి డాక్టర్లు సాధారణంగా ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి రాస్తారు. ఫలితం తెలియడానికి 4-6 వారాలు, కొందరికి 12 వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో వికారం, కాస్త కంగారు సహజం. చాలామంది అక్కడే మానేస్తారు. కుదుటపడ్డాక కూడా ఒక్కసారిగా ఆపకూడదు. కంగారు తగ్గడానికి కొందరు వేసుకునే ఆల్‌ప్రజోలమ్ మాత్ర అలవాటైపోతుంది, మద్యం సంగతి చెప్పనక్కర్లేదు.

మందుతో పాటో, మందు లేకుండానో సీబీటీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. సాధారణంగా వారానికొకటి చొప్పున 12-16 సిట్టింగులు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్ళండి. అక్కడ క్యూలో నిలబడడమే భయమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడం కూడా మీ జాబితాలో ఒక మెట్టే. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం మెట్లు పక్కనపెట్టి ఆ రోజే చేయండి.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్ళు. ఫోన్ మోగితే నా చేతికిస్తుంది. హోటల్లో ఆర్డరూ నేనే చెప్పాలి. బలవంతం చేయమంటారా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: బలవంతం వద్దమ్మా. తన బదులు మాట్లాడడమూ వద్దు. ముందే తనతో చెప్పి, ఒకేసారి కాకుండా ఒక్కొక్క పనీ వదలండి. మొదట టిఫిన్ సెంటర్‌లో తన దోసె తనే చెప్పుకోవాలి, మిగతావి మీరు చెప్పండి. సర్వర్ తనవైపు తిరిగాక లోపల పది లెక్కపెట్టేదాకా మీరు నోరు మెదపకండి. చుట్టాల ముందు ‘మా పిల్లకు సిగ్గండీ’ అనడం మాత్రం ఈరోజే మానేయండి.