పళ్ళొస్తున్నాయని అన్నిటినీ వాటి మీదకు నెట్టకు

అమ్మలూ,

రాయగడ నుంచి నువ్వు చేసిన ఫోను సగం తెగిపోయింది, అందుకే రాస్తున్నాను. బాబుకు పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మీ అత్తగారు బెంగపడుతున్నారన్నావు. చాలామందికి కింది ముందుపళ్ళు రెండూ మొదట వస్తాయి, కొందరికి పైవి వస్తాయి. మీ తమ్ముడికేం కాదని చెప్పు.

నన్ను కంగారు పెట్టింది విరేచనాల మాట. "పళ్ళొస్తున్నాయి కదా, మామూలే" అని ఊరుకున్నారట. కాదమ్మా. పళ్ళొచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగురు ఉబ్బుతుంది, పిల్లాడు చిరాకుపడతాడు, ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది. అంతే. 100.4 డిగ్రీలు దాటిన జ్వరానికీ, నీళ్ళ విరేచనాలకీ వేరే కారణం ఉంటుంది. సరిగ్గా ఈ వయసులోనే పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు కదా! ఓఆర్ఎస్ పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్ని నీళ్ళు కాచి చల్లార్చి, పొట్లమంతా కలిపి చెంచాతో పట్టు. నీ పాలు ఆపొద్దు. ఆశా కార్యకర్తను జింకు బిళ్ళలు అడుగు. విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యాలి. కళ్ళు గుంటలు పడినా, ఉచ్చ తగ్గినా, నెత్తురు పడినా ఆసుపత్రికే.

చిగురు సలుపుతుంటే కడిగిన వేలితో మెల్లగా రుద్దు, లేదా తడిగుడ్డ ఫ్రిజ్‌లో చల్లబరిచి కొరకనియ్యి. మందులషాపులో ఇచ్చే తిమ్మిరి జెల్ వద్దు, బెంజోకెయిన్ ఉన్నవి రెండేళ్ళలోపు పిల్లలకు ప్రమాదం. తేనె ఏడాది నిండేదాకా నాకించకు. ఇంకోటి, మన వైపు గుడాకుతో పళ్ళు తోముకునేవాళ్ళు ఎక్కువ. ఆ చేత్తో ఎవరూ వాడి నోరు ముట్టకూడదు, అది పొగాకే. మొహమాటపడకు.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తోమాలి. మెత్తని చిన్న బ్రష్షు, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు, పొద్దునా, పడుకోబోయే ముందూ. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటు మాత్రం చెయ్యొద్దు. ముందుగా పుచ్చేవి పైన ముందుపళ్ళే. అప్పుడప్పుడు పై పెదవి ఎత్తి చూడు, చిగురంచున సున్నం పూసినట్టు తెల్లని గీత కనిపిస్తే పుచ్చు మొదలైనట్టే. ఊడిపోయే పళ్ళేగా అనుకోకు, వెనక దవడపళ్ళు పదేళ్ళు దాటేదాకా ఉంటాయి. ఏడాది నిండేలోగా బరంపురం వచ్చినప్పుడు పళ్ళ డాక్టరుకు ఒకసారి చూపించు.

జింకు అక్కడ దొరక్కపోతే ఈరోజే చెప్పు, పర్లాకిమిడి నుంచి బస్సులో పంపిస్తాను.

మీ పెద్దమ్మ