లేబర్ రూములో తొందరపడకు తల్లీ

చిట్టీ,

నార్మల్ కాన్పుకే ప్రయత్నిస్తానని డాక్టరమ్మతో గట్టిగా చెప్పావట, మీ అమ్మ ఫోన్ చేసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. నీ ధైర్యానికి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోంది, ఆపరేషన్ తప్పదంటే మాత్రం పంతానికి పోకు.

సంచీ, రిపోర్టులు సర్దుకోవడం నీకు చెప్పక్కర్లేదు. నొప్పుల్లో మూత్రం ఆపుకోకు, నిండిన మూత్రాశయం బిడ్డ తల దిగడానికి అడ్డం.

నా భయమంతా ఒక్కటే. నొప్పులు ముదరగానే చుట్టూ ఉన్నవాళ్ళు "ముక్కమ్మా, ముక్కు" అని మొదలెడతారు. తరతరాలుగా జరుగుతున్న పొరపాటిది. గర్భసంచి నోరు పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు, విచ్చుకోకముందే బలమంతా పెట్టి ముక్కితే అది బిడ్డ తల కింద నలిగి వాచిపోవచ్చు. వాస్తే తెరుచుకోవడం ఇంకా ఆలస్యం. ఓపికంతా అక్కడే హరించుకుపోతే అసలు వేళకి ఏం మిగులుతుంది? ముందే ముక్కాలనిపిస్తే నర్సుని పిలిచి ఎంత తెరుచుకుందో చూడమను. అందాకా పక్కకి తిరిగి పడుకుని "హా హా" అంటూ చిన్నగా ఊపిరి వదులు.

వేళయిందంటే విరేచనం ఆగనట్టు కిందికి ఒత్తుకొస్తుంది. నొప్పి తెలియకుండా వెన్నుకిచ్చే మందు, ఎపిడ్యూరల్, ఇస్తే ఆ ఒత్తిడి సరిగా తెలియదు, నర్సు చెప్పినట్టు చెయ్యి. కాస్త మలం వచ్చినా సిగ్గుపడకు పిచ్చిదానా, వాళ్ళకది మామూలే. గడ్డం ఛాతీకి ఆనించి, బలం ముఖంలోకీ గొంతులోకీ కాక కిందికి పంపు. ఒక్కో నొప్పిలో మూడు నాలుగుసార్లు చాలు. నొప్పి తగ్గగానే ఒళ్ళు వదిలేసి గుక్కెడు నీళ్ళు తాగు. వెల్లకిలాగానే ఉండాలనేం లేదు, పక్కకి తిరిగైనా గొంతుక్కూర్చునైనా ముక్కవచ్చు. తొలిచూలుకి ఈ ముక్కడానికే మూడు గంటలదాకా పట్టొచ్చు. తల కనిపించి మళ్ళీ లోపలికి జారుతుంది, బెంబేలుపడకు, అలాగే దారి చేసుకుంటుంది.

తల బయటపడే ముందు చుట్టూ భగ్గున మంట పుడుతుంది. అక్కడ బలంగా ముక్కడం ఆపు. నోరు తెరిచి ఊపిరి వదులుతుంటే చర్మం మెల్లగా సాగుతుంది, పెద్ద చిరుగు పడే అవకాశం తగ్గుతుంది. బిడ్డ వచ్చే దారి దగ్గర అందరికీ కోత పెట్టాల్సిన పనిలేదు, ముందే అడిగి ఉంచు.

పొట్ట పైనుంచి ఎవరైనా నొక్కబోతే వద్దనాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అది వద్దంది. ఆ క్షణాన నీకు గొంతు పెగలదు, పక్కనున్న మనిషి చెప్పాలి. అందుకే లోపలికి తోడుని రానిస్తారేమో ఈ వారమే కనుక్కో. మీ అమ్మ వస్తానంటే ఈ ఉత్తరం తనకీ చదివి వినిపించు. నీ బాధ చూడలేక అందరికంటే ముందు ముక్కమనేది తనే.

పెద్దమ్మ