బ్రేకు లైటు వెలగలేదని కారు ఆపితే జరిమానా వేయవచ్చా?

విశాఖలో మద్దిలపాలెం కూడలి దగ్గర, కుడివైపు బ్రేకు లైటు వెలగడం లేదని పోలీసులు మీ కారు ఆపారనీ, ఇంత చిన్న లోపానికి జరిమానా వేయవచ్చా అనీ అడిగారు. వేయవచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ప్రత్యేక శిక్ష పేర్కొనని ఉల్లంఘనలకు 177వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం మొదటిసారి 500 రూపాయల వరకు, తర్వాత 1500 రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపడం మీ బాధ్యత. డిజిలాకర్‌లోని లైసెన్సు, ఆర్‌సీ కూడా చెల్లుతాయి. లైసెన్సు స్వాధీనం చేసుకుంటే రసీదు తప్పక అడిగి తీసుకోండి. వాదనకు దిగకుండా, లోపం ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడగడమే మేలని నా అభిప్రాయం.

నిజానికి ఈ లోపం డ్రైవరుకు తెలియకపోవడం సహజం. చాలా కార్లలో ఒకే బల్బులో రెండు తీగలుంటాయి. బ్రేకుకు సంబంధించిన తీగ తెగినా, రెండో తీగ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, వెనక లైటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నేను కూడా అలాగే మోసపోయాను. అప్పటి నుంచి చీకటి పడ్డాక కారును గోడకు దగ్గరగా వెనక్కి నిలిపి, బ్రేకు తొక్కి, గోడ మీద ఎర్రటి వెలుగు రెండు వైపులా సమానంగా పడుతోందో లేదో అద్దంలో చూసుకుంటున్నాను. కొత్త బల్బుకు అయ్యే ఖర్చు స్వల్పం. వెనక వచ్చే లారీ డ్రైవరుకు మీరు ఆగుతున్నారని చెప్పేది మాత్రం ఆ వెలుగే.