విరిగిన సూదులకు టోఫు పరుపు

జపాన్‌లో ఉంటున్నవాళ్ళను, అక్కడి వింత పండుగల్లో స్వయంగా చూసినవి చెప్పమని ఒకరు అడిగారు. మేము టోక్యోలో నిషి కసాయ్‌లో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాం. మనవాళ్ళు బాగానే ఉన్న పేట కాబట్టి ఉగాది పచ్చడికి లోటు లేదు. వేపపువ్వు మాత్రం ఎవరో ఒకరు ఊరి నుంచి తేవాలి.

యూట్యూబ్‌లో అందరూ చూసేది హదాకా మత్సురి, గోచీల పండుగ. ఒకాయామాలోని సైదైజి గుడిలో ఫిబ్రవరి మూడో శనివారం రాత్రి పది గంటలకు దీపాలార్పి, పై కిటికీలోంచి పూజారి రెండు కర్రముక్కలు విసురుతాడు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేని వేలమంది మగవాళ్ళు వాటికోసం కుమ్ముకుంటారు. ఒకసారి వెళ్ళాను. నాకు కనిపించింది ముందున్నవాళ్ళ వీపులు, లోపలి నుంచి లేస్తున్న ఆవిరి. ఇవాతేలోని కొకుసెకిజి గుడిలో ఇలాంటిదే వెయ్యేళ్ళకు పైగా జరిగి, 2024 ఫిబ్రవరితో ఆగిపోయింది. చూసే జనం లేక కాదు, ఏర్పాట్లు చేసే కుటుంబాల్లో పెద్దవాళ్ళే మిగిలి ఓపిక చాలక.

నన్ను నిజంగా ఆశ్చర్యపెట్టినవి ఇళ్ళల్లో జరిగేవి. వచ్చిన మొదటి ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పక్క ఫ్లాట్లో కేకలు వినిపిస్తే గొడవేమో అనుకున్నాను. ఆ రోజు సెత్సుబున్ అట. సాధారణంగా ఫిబ్రవరి 3న వస్తుంది, 2025లో 2నే వచ్చింది. పాత లెక్కలో వసంతానికి ముందురోజు. రుతువు మారే సందులో దయ్యాలు దూరతాయని, 'ఓని వా సొతో, ఫుకు వా ఉచి' (దయ్యం బయటికి, అదృష్టం లోపలికి) అని అరుస్తూ వేయించిన సోయా గింజలు చల్లుతారు. పచ్చివి పనికిరావు, ఏ మూలో పడి మొలకెత్తితే అరిష్టమట. ఆ తర్వాత ఎన్నేళ్ళుంటే అన్ని గింజలు తినాలి. నలభై దాటినవాళ్ళకు అదే టిఫిన్. అసాకుసాలోని సెన్సోజి గుడిలో మాత్రం 'దయ్యం బయటికి' అనరు. కన్నోన్, అంటే మన అవలోకితేశ్వరుడు, ఉన్నచోట దయ్యం ఎందుకుంటుందని వాళ్ళ వాదన.

మరుసటి ఏడు ఎదురింటి గుమ్మానికి ముళ్ళ ఆకుల కొమ్మ, దానికి గుచ్చిన కాల్చిన సార్డిన్ చేప తల కనిపించాయి. ముళ్ళు దయ్యం కళ్ళలో గుచ్చుకుంటాయని, కంపుకి అది పారిపోతుందని తర్వాత తెలిసింది. వీడియో కాల్‌లో మా అమ్మకు చూపిస్తే, "దిష్టికి కట్టుంటార్లేరా" అని పప్పు కలపడానికి వెళ్ళిపోయింది.

మా పాప వెళ్ళే పిల్లల బడిలో ఎర్ర ముసుగుతో ఓని (దయ్యం వేషం) వచ్చింది. చిన్నపిల్లల గొంతుకు గింజలు అడ్డం పడతాయని కాగితం ఉండలు విసిరించారు. పాప అక్కడ ఏడ్చి, ఇంటికొచ్చాక ఆ ముసుగు నన్ను పెట్టుకోమంది. అప్పటినుంచి ఏటా నేనే దయ్యం. మేము తొక్కతో ఉన్న వేరుశనగకాయలు వాడుతున్నాం. ఇది ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవి పద్ధతి, ఊడ్చుకోవడం తేలిక, ఏరుకుని తినొచ్చు కూడా.

అదే రాత్రి ఎహోమాకి అని లావుపాటి సుషీ (అన్నం) చుట్ట ఒకటి తింటారు. ఆ ఏటి శుభదిక్కుకు తిరిగి, కొయ్యకుండా, మాట్లాడకుండా మొత్తం తినాలి. 2024లో తూర్పు ఈశాన్యం. నాకు రెండో కొరుకులోనే ఆఫీసు ఫోనొచ్చింది, ఆ ఏటి అదృష్టం అక్కడికి సరి. అసలిది ఒసాకా వైపు ఆచారం, కన్వీనియన్స్ స్టోర్లు దేశమంతా అంటించాయి. మిగిలిపోయినవి గుట్టలుగా పారేస్తుంటే 2019లో ప్రభుత్వమే అమ్మేంతే చేయమని దుకాణాలకు చెప్పాల్సి వచ్చింది. నాకైతే ఇది పండుగకన్నా వ్యాపారంగానే కనిపిస్తుంది.

ఇక హరి కుయో, అంటే విరిగిన సూదులకు చేసే పూజ. ఇది మా ఆవిడది. ఆవిడ ఇంట్లో చీరలకు ఫాల్స్, జాకెట్లు కుడుతుంది. విరిగిన సూదులు ఎవరి కాళ్ళకైనా గుచ్చుకుంటాయని ఒక బిస్కెట్ డబ్బాలో దాచేది. కింది ఫ్లోరు పెద్దావిడ అది చూసి, పారేయకు, ఎనిమిదో తారీఖున నాతో రా అంది. ఫిబ్రవరి 8న సెన్సోజి ఆవరణలోని అవాషిమా దో అనే చిన్న గుడిలో పళ్ళెంలో పెద్ద టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) దిమ్మ పెట్టారు. కిమోనోల్లో వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ విరిగిన సూదిని అందులో గుచ్చి దణ్ణం పెడుతున్నారు. జీవితమంతా గట్టి గుడ్డల్లో దూరి దూరి అలిసిపోయింది, ఇక మెత్తగా పడుకోనీ అని. ఆ రోజు సూది పట్టరు. ఆయుధపూజ నాడు మా మామగారు కుట్టుమిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, సాయంత్రం దాకా ముట్టుకోనిచ్చేవారు కాదని మా ఆవిడ పెద్దావిడకు చెప్పింది. వచ్చీరాని జపనీసే అయినా ఆవిడకు వెంటనే అర్థమైంది. తేడా ఒకటుంది. మనం పనిచేసే మిషన్‌కు పూజ చేస్తాం, వీళ్ళు పని అయిపోయిన సూదికి చేస్తారు.

మా ఆవిడ తెచ్చిన పదకొండు సూదులూ గుచ్చడానికి కాస్త సమయం పట్టింది. వెనక క్యూలో ఒక్కరూ విసుక్కోలేదు.

ఫిబ్రవరిలో టోక్యో వచ్చేవాళ్ళుంటే ఎనిమిదో తారీఖున అసాకుసా వెళ్ళండి. క్యోటో వైపు ఈ ఆచారం ఎక్కువగా డిసెంబర్ 8న చేస్తారు, తేదీ చూసుకోండి. ఇంట్లో విరిగిన సూది ఉంటే తెచ్చుకోండి, చేతి సంచిలో కాదు, చెక్ ఇన్ లగేజీలో.